మా నల్ల గొర్రె ఎక్కడిది? కిన్వట్ గుట్టల నుంచి ఒక ప్రశ్న

పెన్‌గంగ_ఒడ్డు (కిన్వట్ తాలూకా, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర)

అందరికీ నమస్కారం. మాది కురుమ ఇల్లు. ఇప్పుడు మందలో 130 జీవాలు ఉన్నాయి. దాదాపు అన్నీ నల్లవే, కొన్నిటికి నెత్తి మీద తెల్ల చుక్క. పొట్టేళ్ళకు మెలిక కొమ్ములు, ఆడవాటికి కొమ్ములుండవు. ముక్కు కొంచెం వంపు తిరిగి ఉంటుంది, చెవులు కిందికి వాలి ఉంటాయి.

పోయిన వారం ఒక బేరగాడు మా దొడ్డికి వచ్చాడు. "ఈ కర్రె గొర్రెలకు కాలం చెల్లింది, రెండు ఎర్ర నెల్లూరు పొట్టేళ్ళు ఇస్తాను, మీ నల్ల పొట్టేళ్ళు నాకివ్వండి" అన్నాడు. బాపుకు మనసు ఊగుతోంది. అవ్వ మాత్రం ఒప్పుకోవడం లేదు. "పుట్టలోంచి దేవుడిచ్చిన జీవం, మారకం పెట్టొద్దు" అంటోంది. నేను చదువుకున్న బడిలో సారు ఒకాయన ఈ గొర్రెలు మొగలుల సైన్యంతో వచ్చాయని చెప్పేవారు.

నాకు రెండు సంగతులు కావాలి. అసలు ఈ జాతి ఎక్కడి నుంచి వచ్చింది? మందలోకి ఎర్ర పొట్టేలు దించితే మేం ఏం పోగొట్టుకుంటాం? తెలిసినవాళ్ళు చెప్పండి. వారం నుంచి ఇంట్లో ఇదే టెన్షన్.

దెగ్లూర్_పశువైద్యం

తమ్ముడూ, మీ దగ్గరున్నది దక్కనీ జాతి. మహారాష్ట్ర, తెలంగాణ, కర్ణాటక మూడు రాష్ట్రాల మెట్ట నేలల్లో ఉండేది ఇదే. మన మహారాష్ట్రలో దీన్ని నాలుగు తెగలుగా చెబుతారు: లోణంద్, సంగమ్‌నేరి, సోలాపురి, కొల్హాపురి. మీరు రాసిన గుర్తులన్నీ సరిపోయాయి. తోక పొట్టిగా సన్నగా ఉంటుంది, అదీ చూడండి. ఎదిగిన పొట్టేలు సుమారు 38 కిలోలు, ఆడగొర్రె 28 కిలోలు. పెద్ద శరీరం కాదు. కానీ ఆ చిన్న శరీరమే దాని బలం. తక్కువ మేతతో బతుకుతుంది, ఎక్కువ దూరం నడుస్తుంది.

పుట్టుక గురించి పశుశాస్త్ర గ్రంథాల్లో ఉన్న మాట ఇది: రాజస్థాన్ వైపు ఉన్ని గొర్రెలూ, ఆంధ్ర తమిళనాడు వైపు బొచ్చు గొర్రెలూ దక్కన్‌లో కలిసి ఈ జాతి ఏర్పడింది. అందుకే దీని ఉన్నిలో ముతక వెంట్రుక ఎక్కువ.

ఒగ్గుడోలు (బిలోలి)

అవ్వ చెప్పింది మా ఒగ్గు కథలోదే. మన కురుమల మూలపురుషుడు ఉండల పద్మన్న కథ. అన్నదమ్ములందరిలో చిన్నవాడు. శివుడు గొర్రెల్ని పుట్టలో దాచాడు. పద్మన్న నాగలితో పోతుంటే పుట్ట పగిలి గొర్రెలు వరదలాగా బయటికి వచ్చాయి. ఆగకుండా వస్తూనే ఉంటే భయపడి పరుగు తీశాడు. తర్వాత శివుడి మాట విని "హో" అని కేక పెట్టి మంద మళ్ళించాడు. ఈ రోజుకీ మనం మందను పిలిచేటప్పుడు పెట్టే కేక అదే అని మా గురువు చెప్పేవారు.

పెండ్లిలో ఉన్ని దారం కంకణం కట్టేవాళ్ళు, పత్తి దారం కంకణం కట్టేవాళ్ళు అని కురుమల్లో రెండు శాఖలు ఉన్నాయి కదా, ఆ తేడా కూడా పద్మన్న సంతానం దగ్గరే మొదలైందని కథ. జాతి చరిత్ర అడిగినప్పుడు ఈ కథను పక్కన పెట్టకండి. గొర్రె బయటి నుంచి తెచ్చుకున్నది కాదు, ఈ నేలలోంచే వచ్చిందని మనవాళ్ళు గట్టిగా నమ్మారు.

పాత_పెంకులు (ధర్మాబాద్)

నేను చరిత్ర పాఠాలు చెబుతాను. ఒగ్గు అన్న చెప్పిన కథ మీద నాకు చాలా గౌరవం. తేదీల సంగతి వచ్చేసరికి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి.

మొగలుల మాట తీసేయండి. దక్కన్‌లో గొర్రె వాళ్ళకంటే వేల ఏళ్ళ ముందే ఉంది. పాలమూరు వైపు ఉట్నూరు అని ఒక ఊరు ఉంది (మన పక్కనున్న ఆదిలాబాద్ ఉట్నూరు కాదు). అక్కడి బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వారు. పశువుల దొడ్లలో పేడ ఏళ్ళ తరబడి పేరుకుంటే కాల్చగా మిగిలిన బూడిద అది. దక్షిణ దక్కన్‌లో అలాంటి దిబ్బలు చాలా ఉన్నాయి, నాలుగైదు వేల ఏళ్ళ నాటివి. ఆ కాలపు ఊళ్ళలో ఆవుల ఎముకలే ఎక్కువగా దొరికాయి, వాటితో పాటు గొర్రె, మేక ఎముకలూ దొరికాయి. మహారాష్ట్రలో పుణె జిల్లా ఇనామ్‌గావ్‌లో మూడు వేల ఏళ్ళ కిందటి పల్లెను తవ్వినప్పుడు కూడా అంతే.

అయితే గొర్రె ఈ నేలలో అడవి జంతువుగా ఎప్పుడూ లేదు. దాని మూలం పశ్చిమాసియా కొండల్లోని అడవి గొర్రె. పది వేల ఏళ్ళ కింద అక్కడ మచ్చికైంది. మొదట్లో వాటికి ఉన్ని లేదు, బొచ్చే ఉండేది. ఉన్ని గొర్రె చాలా తర్వాత వచ్చింది. డాక్టర్ గారు చెప్పిన రెండు రకాల కలయిక దీనితో చక్కగా సరిపోతుంది. ముందు బొచ్చు గొర్రె, ఆ తర్వాత వాయవ్యం నుంచి ఉన్ని గొర్రె. రెండూ కలిసిన చోటు దక్కన్.

మాట కూడా చూడండి. మన పాత తెలుగులో గొఱియ, ఇప్పుడు గొర్రె. కన్నడంలో కురి. పాత తమిళంలో కొరి. ఒకే మూలం నుంచి వచ్చిన మాటలివి. అంటే ఈ భాషలు విడిపోకముందే మన పూర్వీకులకు గొర్రె తెలుసు. మరాఠీలో గొర్రెను మెంఢీ అంటారు, అది వేరే మాట. కానీ కంబళిని మాత్రం వాళ్ళు ఘోంగడి అంటారు, మనం గొంగడి అంటాం. సరిహద్దులో ఉన్నవాళ్ళకు ఈ ఒక్క మాట వింటే చాలు, ధన్‌గర్లూ (మరాఠీ గొర్రెకాపరులు) కురుమలూ ఎన్ని తరాలు ఒకే బీళ్ళలో మేపుకున్నారో తెలుస్తుంది.

సంత_బేరం

అందరికీ దండం. చరిత్ర బాగుంది కానీ నేను సంతలో నిలబడేవాడిని, నా మాట కూడా వినండి. నల్ల గొర్రె ఉన్నికి ఈ రోజు కొనేవాడు లేడు. కత్తిరింపు కూలి ఎదురు పెట్టుకోవాలి. కత్తిరించిన బొచ్చు చేను గట్టు మీద పారేస్తున్నారు, నా కళ్ళతో చూశాను. ఎర్ర గొర్రెకు కత్తిరింపే లేదు. ఎత్తుగా ఉంటుంది, పిల్ల త్వరగా బరువు తూగుతుంది, కసాయి ముందు దాన్నే పట్టుకుంటాడు. నెల్లూరు జాతిలో జోడిపి, దోర రకాల పొట్టేళ్ళను తెలంగాణ అంతటా దించుతున్నారు. సాంగ్లీ వైపు వాళ్ళు మాడ్గ్యాళ్ రకం పొట్టేలుకు ఎంత ధర పెడుతున్నారో చూడండి. కాపరికి కూడా పిల్లల చదువులున్నాయి, ఆసుపత్రి ఖర్చులున్నాయి. నల్లదే ఉంచు అని పక్కవాడికి చెప్పడం సులువు.

పెన్‌గంగ_ఒడ్డు

అన్నా, మీరు చెప్పింది నిజమే. అందుకే అడిగాను. మా ఇంట్లో కూడా ఉన్ని అమ్మి నాలుగేళ్ళయింది.

కానీ ఒకటి చెప్పాలి. మూడేళ్ళ కింద మా మేనమామ మంద, మా మంద కలిసి ఇస్లాపూర్ దాటి సహస్రకుండ్ వైపు పోయాయి. మామ మందలో సగం ఎర్ర గొర్రెలు. శ్రావణంలో ముసురు పట్టి తొమ్మిది రోజులు వదలలేదు. గుట్ట మీద ఆడవాళ్ళు కట్టిన టార్పాలిన్ తప్ప నీడ లేదు. ఎర్ర వాటి పిల్లలు తడిసి, వణికి, మేత ముట్టకుండా పడిపోయాయి. 14 పిల్లలు పోయాయి మామకు. మావి రెండు పోయాయి. మా గొర్రెలు ఒళ్ళు దులుపుకుని ఆ వానలోనే మేశాయి. ఆ రాత్రి మామ ఏం మాట్లాడకుండా చచ్చిన పిల్లల్ని వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. అది నేను మర్చిపోలేను.

అవ్వ 1972 కరువు గురించి కూడా చెబుతుంది. అప్పుడు ఎద్దులు పోయాయట, బర్రెలు పోయాయట. నల్ల గొర్రెలు తుమ్మకాయలు, ఎండిన ఆకులు తిని నిలబడ్డాయట. ఆ మంద మిగలబట్టే తాత మళ్ళీ ఎద్దులు కొన్నాడు.

గుణుపూర్_గొల్ల (రాయగడ జిల్లా, ఒడిశా)

నేను ఇంకో సరిహద్దు నుంచి రాస్తున్నాను. మా తూర్పు కనుమల్లో ఉండేది గంజాం జాతి. గంజాం, కోరాపుట్, కొంధమాల్ వైపు అంతా అదే. మీ నల్లదానికి పూర్తిగా వేరు. గోధుమ రంగు నుంచి ముదురు తోలు రంగు దాకా ఉంటుంది, కొన్నిటికి మొహం మీద, ఒంటి మీద తెల్ల మచ్చలు. పొట్టేలుకే కొమ్ములు. ఒంటి మీద పొట్టి బొచ్చు, మేం కత్తిరించం. తెలుగు మాట్లాడే గొల్ల కుటుంబాలు ఈ వైపు చాలా ఉన్నాయి.

నాకు ఆశ్చర్యం అనిపించింది ఏమిటంటే, మాకూ వాన తక్కువేం కాదు. అయినా మా బొచ్చు గొర్రె ఈ కొండల్లో నిలబడుతుంది. మరి మీ దగ్గర ఎర్ర గొర్రె ఎందుకు నిలబడలేదు? అందుకని ఉన్ని ఒక్కటే కారణం అని నేననుకోను. ఏ కొండలో ఎన్ని తరాలు పుట్టి పెరిగింది అన్నదే అసలు సంగతి. నెల్లూరు గొర్రెను మా కొండకు తెచ్చినా అదే గతి పడుతుందేమో.

దెగ్లూర్_పశువైద్యం

గుణుపూర్ అన్న చాలా మంచి మాట అన్నారు. ఈ చర్చలో నేను చెప్పాలనుకున్నదీ అదే. నల్ల రంగులో మహిమ లేదు. ఒక చోట పుట్టి, అక్కడి మేత తిని, అక్కడి రోగాలు తట్టుకుని మిగిలిన వాటి పిల్లలే మళ్ళీ మిగులుతూ వచ్చాయి. మీ మామ దగ్గర పోయిన పిల్లలు నాసిరకం జీవాలు కావు. వాటి పూర్వీకులు నెల్లూరు, ప్రకాశం ఎండల్లో నిలబడినవి. అక్కడ దక్కనీని పెడితే అది వెనకబడుతుంది.

ఉన్ని సంగతి కూడా కొంచెం చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని బరువు అనుకుంటున్నారు. దక్కనీ ఉన్ని పలచగా, విడివిడిగా ఉంటుంది. మెరినో గొర్రె ఉన్ని లాగా దట్టంగా అతుక్కుని ఉండదు. వెంట్రుకల్లో చాలావాటికి మధ్యలో బోలు ఉంటుంది. పైన చమురు ఉంటుంది. వాన నీరు మొనల మీదుగా జారిపోతుంది, కింద చర్మం దగ్గర గాలి పొర మిగులుతుంది. మాఘమాసం చలిలో, చైత్రం ఎండలో రెండింటిలోనూ ఆ గాలి పొరే కాపాడుతుంది. ఇదే బొచ్చు కాబట్టే గొంగడి కప్పుకున్న కాపరి వానలో తడవడు. గొర్రె మీద పని చేసినట్టే మనిషి మీదా పని చేస్తుంది.

ఇక ఎర్ర పొట్టేలు. మొదటి ఈతలో పుట్టిన సంకరం పిల్లలు చాలా బాగుంటాయి. బరువు ఉంటుంది, తల్లి గట్టితనం సగం ఉంటుంది. ఇక్కడే అందరూ మోసపోతారు. ఆ పిల్లల్లో ఆడవాటిని ఉంచుకుని వాటి మీద మళ్ళీ ఎర్ర పొట్టేలే దించుతారు. మూడో తరానికి మందలో దక్కనీ రక్తం ఎనిమిదో వంతు మిగులుతుంది. అప్పుడు ఒక ముసురు వస్తే చాలు. వెనక్కి పోదామంటే ఊళ్ళో నల్ల పొట్టేలు ఒక్కటి కూడా ఉండదు. నా దగ్గరికి వచ్చే కాపరుల్లో ఈ మాట చెప్పి బాధపడేవాళ్ళను చాలామందిని చూశాను.

ధర్మాబాద్_నుంచి_దూరం

నమస్తే. నాది ధర్మాబాద్, ఇప్పుడు ఉద్యోగం ఇంగ్లండ్ ఉత్తరాన కంబ్రియాలో. ఇక్కడి కొండల మీద హెర్డ్‌విక్ అనే గొర్రె ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మా పెదనాన్న మంద గుర్తొచ్చి కారు ఆపుకుని కాసేపు నిలబడిపోయాను. ఎందుకంటే దాని పిల్ల నల్లగా పుడుతుంది! పెరిగే కొద్దీ మొహం తెల్లబడి, ఒళ్ళు బూడిద రంగుకు మారుతుంది. ఇక్కడ సీత్‌వెయిట్ అనే చోట ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. చలి సంగతి చెప్పనక్కర్లేదు. ఆ గొర్రె ఏడాదిలో ఎక్కువ కాలం గుట్ట మీదే ఉంటుంది.

దాని పుట్టుక మీద ఇక్కడా మనలాగే కథలున్నాయి. మునిగిపోయిన ఓడలోంచి ఈదుకుంటూ వచ్చాయని ఒక కథ, సముద్రం దాటి వచ్చిన ఉత్తరాది జనం తెచ్చారని ఇంకో కథ. హెర్డ్‌విక్ అంటే పాత భాషలో మంద మేసే చోటు అని అర్థం.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఇక్కడి కొండలకు చాలా చోట్ల కంచె లేదు. అయినా ఏ మంద గొర్రె ఆ మంద హద్దులోనే మేస్తుంది. తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది, అది పెరిగి తన పిల్లకు నేర్పుతుంది. రైతు మారినా మంద కొండతోనే ఉంటుంది. 2001లో గాలికుంటు వచ్చి దేశమంతా లక్షల జీవాల్ని చంపాల్సి వచ్చినప్పుడు, ఇక్కడివాళ్ళ పెద్ద భయం అదే. మంద మొత్తం పోతే కొత్త గొర్రెలకు ఆ హద్దు ఎవరు నేర్పుతారు? అప్పుడే ఈ జాతి వీర్యం, పిండాలు దాచిపెట్టే పని మొదలుపెట్టారు.

ఉన్ని మాట అడిగితే, ఇక్కడా ముతకే, ధర లేదు. కానీ వీళ్ళు మాంసాన్ని ఆ ప్రాంతం పేరుతో రిజిస్టర్ చేయించుకున్నారు, 2013లో. ఆ కొండల్లో పుట్టి పెరిగిన హెర్డ్‌విక్ మాంసానికే ఆ పేరు వాడాలి. మన నల్ల గొర్రె మాంసం రుచి వేరని మా ఇంట్లో అందరూ అంటారు, సంతలో మాత్రం దానికి పేరు లేదు.

గొంగడి_మగ్గం (బిలోలి)

అన్నలందరూ ఉన్నికి ధర లేదు, ధర లేదు అంటున్నారు. నేను ఉన్ని వడికే ఆడమనిషిని. మా అత్త దగ్గర నేర్చుకున్నాను. అన్ని బొచ్చులూ ఒకటి కాదు. పిల్లకు మొదటి కత్తిరింపులో వచ్చేది మెత్తగా ఉంటుంది, దాన్ని వేరుగా పెట్టాలి. ముసలి గొర్రె బొచ్చు ముతక. మీరు అంతా కలిపి సంచిలో కుక్కి తెస్తారు, పైగా పల్లేరు కాయలు, పేడ. అప్పుడు కొనేవాడు ఏం ధర పెడతాడు?

కత్తిరించే ముందు మందను వాగులో దించి కడగండి. నలుపు, తెలుపు, మట్టి రంగు మూడూ వేరుగా కట్టండి. విల్లుతో ఏకి, రాట్నం మీద వడికి, పడుగుకు చింతగింజల గంజి పెట్టి గుంట మగ్గం మీద నేస్తే ఒక గొంగడికి రోజుల తరబడి పని. అది ఇరవై ఏళ్ళు ఉంటుంది. మా మామ గొంగడి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నలుపుకు రంగు వెయ్యనక్కర్లేదు, గొర్రె రంగే. ఎర్ర గొర్రెలు నిండితే మా మగ్గానికి నూలు ఎక్కడిది? దేవుడి ముందు పరిచే గొంగడి కూడా మిల్లు కంబళే అవుతుంది.

పెన్‌గంగ తమ్ముడూ, ఈసారి కత్తిరింపు ఎప్పుడో చెప్పు. పిల్లల బొచ్చు నేను తీసుకుంటాను.

సంత_బేరం

అక్కా, వేరుగా కట్టే సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే కొందరికి చెప్పేవాణ్ణి.

నా మాట మార్చుకోవడం లేదు కానీ ఒకటి ఒప్పుకుంటాను. 2017 తర్వాత తెలంగాణలో సబ్సిడీ గొర్రెల కోసం మన వైపు నుంచి, ఆంధ్ర నుంచి, కర్ణాటక నుంచి లారీల కొద్దీ జీవాలు పోయాయి. 2019 లెక్కల్లో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానం, కోటీ 90 లక్షలు దాటాయి. మహారాష్ట్రలో 27 లక్షలే. ఆ లారీల్లో ఏ జాతి, ఏ నేల అని చూసినవాడు లేడు. కొన్ని దిగిన వారం లోపే చచ్చాయి. అవి చచ్చింది తిండి లేక కాదు, నీళ్ళు మారి, గాలి మారి. ఆ లెక్కన డాక్టర్ గారు చెప్పింది సరైనదే.

కానీ నల్లదాన్ని ఉంచుకునేవాడికి డబ్బు రావాలి. దానికి దారి చెప్పండి.

దెగ్లూర్_పశువైద్యం

ఒక దారి చెబుతాను. ఫల్టణ్‌లో నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు బెంగాల్ సుందరబన్ల నుంచి గారోల్ అనే బుడ్డ గొర్రెను తెచ్చారు. దాని రక్తంలో కవలలు పుట్టించే జన్యువు ఉంది. దక్కనీతో కలిపి, తరాల తరబడి మళ్ళీ దక్కనీ వైపే తిప్పి, ఆ జన్యువు మాత్రం నిలిచేలా చేసి నారి సువర్ణ అనే రకం తయారుచేశారు. గుణుపూర్ అన్నకు ఇది తెలిసే ఉంటుంది, ఒడిశాలో కేంద్రపడ గొర్రెలోనూ అదే జన్యువు బయటపడింది. అంటే కొత్త లాభం తెచ్చుకోవడానికి పాత జాతిని చెరిపేయనక్కర్లేదు. అయితే కవలలకు తల్లి పాలు చాలవు, ఇంటి దగ్గర దాణా, చూసుకునే మనిషి ఉండాలి. దూరం మేపే మందలో అందరికీ కుదరదు.

రెండో దారి, మందను రెండుగా చెయ్యడం. మంచి నల్ల ఆడగొర్రెల్ని 50, 60 ఏరి వాటికి నల్ల పొట్టేలే. పాతిక ముప్ఫై గొర్రెలకు ఒక పొట్టేలు. రెండేళ్ళకు ఒకసారి వేరే ఊరి నల్ల పొట్టేలుతో మార్చుకోండి, లేకపోతే రక్త సంబంధం దగ్గరై పిల్లలు బక్కబడతాయి. మిగతా గొర్రెలకు ఎర్ర పొట్టేలు దించి, ఆ పిల్లల్ని ఆడా మగా తేడా లేకుండా అన్నింటినీ అమ్మేయండి. ఒక్క సంకరం ఆడపిల్లను కూడా మందలో ఉంచొద్దు. చెవి కత్తిరింపు గుర్తు పెట్టుకోండి, లేకపోతే రెండేళ్ళలో కలిసిపోతాయి. పీపీఆర్ అనే అంటురోగం, చిటుకు రోగం, నీలి నాలుక టీకాలు రెండు వైపులా వేయించాలి. గట్టి జాతి కదా అని టీకా మానేసేవాళ్ళు ఉన్నారు, అది తప్పు.

ఒగ్గుడోలు

మన జిల్లా మాళేగావ్ జాతరలో నల్ల పొట్టేళ్ళు దొరుకుతాయి తమ్ముడూ. ఖండోబా అన్నా మల్లన్న అన్నా ఒక్కడే. మార్గశిరంలో ధన్‌గర్లు అంతా వస్తారు. కొమ్ము రెండు చుట్లు తిరిగి, గిట్ట గట్టిగా, నడకలో కుంటు లేనిదాన్ని చూసుకో. నేను అక్కడే ఉంటాను, డోలు పట్టుకుని.

పెన్‌గంగ_ఒడ్డు

ఇదంతా నిన్న రాత్రి బాపుకు చదివి వినిపించాను. ఇంగ్లండ్ అన్న రాసింది రెండుసార్లు చదివించుకున్నాడు. కంచె లేకుండా తల్లి పిల్లకు హద్దు నేర్పుతుందన్న చోట ఆపి, మన చుక్క గొర్రె కూడా అంతే కదా అన్నాడు. నిజమే. మా మందలో ఒక ముసలి గొర్రె ఉంది, ఏ వాగు ఎక్కడ దాటాలో అదే ముందు నడుస్తుంది. దాని వెనకే అన్నీ.

పొద్దున బాపు, నేను, అవ్వ కలిసి 55 ఆడగొర్రెల్ని ఏరాం. అవ్వ ఒక్కొక్కదాని తల్లి పేరు చెబుతూ పోయింది, నేను నోట్‌బుక్‌లో రాశాను. ఎడమ చెవి గుర్తు వీటికే. బేరగాడికి ఫోన్ చేసి రెండు కాదు, ఒక్క ఎర్ర పొట్టేలు చాలన్నాం. మా నల్ల పొట్టేళ్ళను ఇవ్వం, డబ్బు ఇస్తాం అన్నాం. ధర ఎక్కువ చెబుతున్నాడు, సంత అన్న కొంచెం మాట సాయం చెయ్యాలి.

మగ్గం అక్కా, కత్తిరింపు దీపావళి తర్వాత. అంతకు ముందు రోజు పెన్‌గంగలో కడుగుతాం. పిల్లల బొచ్చు వేరే సంచిలో పెట్టి నేనే బిలోలికి తెస్తాను. ఎన్ని కిలోలు అవుతుందో తూకం వేసి ఇక్కడే రాస్తాను.